మేజరు కాలువ గట్టు మీద బెల్లు

బైబిలు మీద ఒట్టు వేయకూడదంటుంది మా అమ్మ. అందుకని నా సైకిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను. మా పిల్లల తర్వాత నేను అంత అపురూపంగా చూసుకునేది దాన్నే. దాని మీద చెయ్యి పెట్టి అబద్ధం ఆడలేను. ఇది జరిగింది... నాకే జరిగింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే లేచి వెళ్ళిపోతాను. ఈ సంగతి విని ఇప్పటికే చాలామంది నవ్వారు. ఆ నవ్వులాటలో ముప్పై మంది ప్రాణాల మీదికి వచ్చింది. నా మంటంతా అందుకే.

నన్ను తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నా పేరు సుజాత. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచర్ని. నలభై రెండేళ్ళు. ఆదివారం ప్రార్థనకి వెళ్ళేలోపు యాభై, అరవై కిలోమీటర్లు సైకిలు తొక్కి వస్తాను. మా పల్నాడు ఎండ సంగతి తెలుసుగా, తొమ్మిదింటికే నెత్తి మాడిపోతుంది. అందుకని తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరాలి. "నలభై దాటిన ఆడమనిషికి చీకట్లో సైకిలేందమ్మా" అని మా వీధిలో అననివాళ్ళు లేరు. అననీ. నా కాళ్ళు, నా సైకిలు.

సైకిలు యాత్రలకి వచ్చేవాళ్ళ కోసం దారులు వెతికి పెట్టడం నాకు సరదా. తారు రోడ్డు మీద లారీల పక్కన తొక్కే దారులు కావు. కాలువ గట్ల మీదుగా, వాగుల పక్కగా పోయే దారులు. ఎనిమిది నెలలు తిరిగి ఒకటి తయారు చేశాను. సాగర్ కుడి కాలువ నుంచి చీలిన ఒక మేజరు కాలువ ఉంది. దాని గట్టు పట్టుకుని పోయి, కారెంపూడి దగ్గర నాగులేరు లోయలోకి దిగి, గురజాల చేరాలి. ఆ దారంతా ఫోనులో నమోదు చేసి మా సైకిలు వాళ్ళ గ్రూపులో పెట్టాను. గుంటూరు నుంచి పన్నెండు మంది వస్తామన్నారు. కిరణ్ అని ఒక ఇంజనీరు వాళ్ళకి పెద్ద. వాళ్ళు రావడానికి ముందు ఆదివారం, దారి ఎలా ఉందో చూసి రావాలని నేనొక్కదాన్నే బయలుదేరాను.

ఆ మేజరు కాలువ పేరు ఇప్పుడు చెప్పను. అడిగినవాళ్ళకి చెబుతాను.

మాఘమాసం. మంచు. గట్టు ఎక్కేసరికి నాలుగున్నర అయింది. కుడి పక్కన కాలువ, నిండుగా ఉంది. ఎడమ పక్కన మిరప చేలు. దూరంగా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు మంచులో కలిసి ముక్కుకి తగులుతోంది. నా సైకిలు ముందు లైటు వెలుతురు పది అడుగులు పోయి మంచులో ఆగిపోతోంది. చక్రం కింద గులకరాళ్ళ చప్పుడు... పక్కన నీళ్ళ చప్పుడు... అంతే. కుక్క కూడా అరవడం లేదు.

అప్పుడు వినపడింది. వెనక నుంచి.

ట్రింగ్... ట్రింగ్... ట్రీంగ్‌‌‌‌...

రెండు పొట్టివి. ఒకటి పొడుగు.

సైకిలు బెల్లు. ఈ రోజుల్లో వచ్చే టిక్కుమనే బెల్లు కాదు. పాతకాలం ఇత్తడి బెల్లు, బొటనవేలితో నొక్కితే లోపల పళ్ళచక్రం తిరిగి మోగే రకం. మీరైతే ఏం చేసేవాళ్ళు? వెనక్కి తిరిగి లైటు వేసి చూసేవాళ్ళు. పట్నం వాళ్ళెవరైనా అదే చేస్తారు. నేను అలా చేయలేదు. లైటు ఆర్పేశాను. దిగి, సైకిలుని చేను వైపుకి లాక్కుని, కాలువ వైపు దారి వదిలేసి నిలబడ్డాను.

ఎందుకో చెప్పాలి. నేను కాలువ పక్క పల్లెలో పుట్టినదాన్ని. కాలువకి లస్కరు అని ఒక మనిషి ఉండేవాడు. తూములు తెరవడం, మూయడం, గట్టు ఎక్కడ నెర్రెలిచ్చిందో, ఎక్కడ ఊట వేస్తోందో చూడడం ఆయన పని. రాత్రుళ్ళు సైకిలు మీద గట్టంతా తిరిగేవాడు. ఆయన బెల్లు వినపడితే గట్టు మీద ఉన్నవాళ్ళు లైటు ఆర్పాలి. లైటు పడితే ఆయన కళ్ళు బైర్లు కమ్మి కాలువలో పడతాడని. నీళ్ళ వైపు దారి ఆయనకి వదలాలి. ఆయన పక్కకి వచ్చాక "నీళ్ళు ఎందాకా వచ్చినయ్?" అని అడగాలి. "వస్తన్నయ్, వస్తన్నయ్" అనేవాడాయన, ఆగకుండానే. మా నాన్న చెయ్యి పట్టుకుని నేను ఎన్నిసార్లు అలా నిలబడ్డానో లెక్కలేదు. అది ఒంట్లోకి ఎక్కిపోయిన అలవాటు. బెల్లు వినగానే చెయ్యి దానంతట అదే లైటు మీదికి పోయింది.

నిలబడ్డాను. చీకటి... అరచెయ్యి కూడా కనపడడం లేదు.

సైకిలు వస్తోంది. గులకరాళ్ళు నలుగుతున్నాయి. చైను వదులుగా ఉందేమో, కవరుకి తగులుతోంది. టక్... టక్... టక్... తొక్కేవాడికి తొందర లేదు. దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి... నా మోచేతికి జానెడు దూరంలోంచి గాలి కదిలింది. తడిసిన గోనెసంచి వాసన వచ్చింది.

"నీళ్ళు ఎందాకా వచ్చినయ్?" అన్నాను. అలవాటు. నోట్లోంచి వచ్చేసింది.

జవాబు లేదు.

టక్... టక్... నన్ను దాటి ముందుకి పోయింది. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, పలకరిస్తే పలకని మనిషేమిటని. ఒక ఇరవై అడుగులు పోయి ఉంటుంది. అప్పుడు గులకరాళ్ళ చప్పుడు ఆగిపోయింది. చైను చప్పుడు మాత్రం ఆగలేదు. వింటున్నారా? కింద నేల చప్పుడు లేదు... చైను చప్పుడు ఉంది. టక్... టక్... అలాగే పోయి, ఎక్కడో అవతల నుంచి ఒక్కసారి బెల్లు మోగింది.

ట్రీంగ్...

ఆ తర్వాత ఏమీ లేదు. నీళ్ళు తప్ప.

లైటు వేశాను. స్విచ్చి కోసం మూడుసార్లు తడిమాను. మంచుకి తడిసిన మట్టి మీద ఒక్కటే చక్రం జాడ. నాది. అది నా కాళ్ళ దగ్గర ఆగిపోయింది. సైకిలు అక్కడే పడుకోబెట్టి, లైటు ఊడదీసి చేత్తో పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ముందుకి పోయాను. ఇరవై అడుగులు. గట్టు లేదు. తెగిపోయింది. రెండు ఎడ్లబండ్లు పట్టేంత గండి. కాలువ నీళ్ళు అందులోంచి సుళ్ళు తిరుగుతూ చేలోకి దూకుతున్నాయి. నేను తొక్కే జోరుకి, ఆ మంచులో, పది అడుగుల వెలుతురులో... మీరే అనుకోండి.

గండి అవతల గట్టు మీద లైటు వేసి చూశాను. ఎవరూ లేరు.

ఏడ్చాను. అవును, ఏడ్చాను. సైకిలు నడిపించుకుంటూ మూడు కిలోమీటర్లు వెనక్కి వచ్చాను, తెల్లారేదాకా ఎక్కలేదు.

ఇంతవరకు జరిగింది నాకు భయం. ఇక మీదట చెప్పేది నాకు కోపం.

ఇంటికి రాగానే గ్రూపులో మాట్లాడి పెట్టాను. గట్టు తెగింది, ఆ దారిన రావద్దు అని. అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది. కానీ నేను జరిగింది జరిగినట్టు చెప్పే మనిషిని. బెల్లు సంగతి కూడా చెప్పాను. లైటు ఆర్పిన సంగతి, చైను చప్పుడు చెప్పలేదు. దాచాలని కాదు. ఇంట్లోకి పోయేటప్పుడు చెప్పులు విప్పామని ఎవరన్నా చెబుతారా? అలాగే అదీ.

నాలుగు నిమిషాల మాటలో మూడున్నర నిమిషాలు గండి గురించే. అర నిమిషం బెల్లు. వాళ్ళు విన్నది ఏది? ఆ అర నిమిషమే! నవ్వు బొమ్మలు, దెయ్యం బొమ్మలు వరసపెట్టి వచ్చాయి. "మేడమ్, మీరు యూట్యూబ్ పెట్టాలి" అని ఒకరు. సాయంత్రానికి ఎవడో పనిలేనివాడు నా గొంతు వెనక భయంకరమైన సంగీతం పెట్టి ఊరంతా పంచాడు. గండి సంగతి కత్తిరించేశాడు. మా స్కూల్లో ఏడో తరగతి పిల్లలు నన్ను చూసి ట్రింగ్ ట్రింగ్ అంటున్నారు.

మంగళవారం కిరణ్ ఫోను చేశాడు.

"మేడమ్, సూపర్ రెస్పాన్స్! పన్నెండు మంది కాదు, ముప్పై మంది అయ్యారు. అందరికీ ఆ బెల్లు వినాలని ఉందంట. ఐదింటికి కాదు, నాలుగింటికే గట్టు ఎక్కుతాం. చీకట్లో అయితేనే మజా."

"నాయనా, గట్టు తెగిందయ్యా!" అన్నాను.

"బిల్డప్ అదిరింది మేడమ్" అని పెట్టేశాడు.

గ్రూపులోంచి నా దారి తీసేశాను. ఏం లాభం, అందరి ఫోనుల్లోకి అప్పటికే ఎక్కింది. గీసింది నేను. ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ గట్టు ఎక్కాలో చెప్పింది నేను. ముప్పై మందిలో ఒక్కడు ఆ గండిలో పడ్డా ఆ పాపం నాది కాక ఎవరిది? ఆ వారమంతా అన్నం సహించలేదు.

కాలువ ఆఫీసుకి పోయాను. కుర్చీలో ఉన్నాయన నా అర్జీ చదివాడు. తల ఎత్తి, "ఆ బెల్లు మేడమ్ మీరేనా?" అన్నాడు! నా ఒళ్ళు మండిపోయింది. "బెల్లు కాదు సార్, గట్టు! గట్టు తెగింది!" అన్నాను. "పైకి రాస్తాంలేమ్మా" అని అర్జీని ఒక బొత్తి కింద పెట్టాడు. ఆ బొత్తి చూస్తేనే అర్థమైంది, నా అర్జీ పైకి రావడానికి ఎంతకాలం పడుతుందో.

అందరూ ఒకటే మాట, అక్కడెవరో చచ్చిపోయి ఉంటారని. సరే, అదీ కనుక్కుందామని ఆ గట్టుకి ఒకప్పుడు లస్కరుగా చేసిన కోటయ్య తాత ఊరు వెతుక్కుంటూ పోయాను. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని మోకాలికి తైలం రాసుకుంటున్నాడు. నేను నోటితో రెండు పొట్టి, ఒకటి పొడుగు మోగించి చూపించాను. తైలం సీసా కింద పెట్టాడు.

"అది నా బెల్లే అమ్మాయ్. మా లస్కర్లలో ఒక్కొక్కడికి ఒక్కో లెక్క ఉండేది. ఆ లెక్క నాదే" అన్నాడు.

"మరి తాతా..."

"ఏంది మరి? నేను బతికే ఉన్నాగా! ఆ రేత్రి మోకాలు సలపరంతో ఈ మంచం మీదే ఉండా. సైకిలంటావా, రిటైరైన యాడాదే పాత సామాన్లోడికి ఇచ్చేశా. నా కళ్ళ ముందే ముక్కలు చేసి బస్తాలో ఏసుకున్నాడు."

అక్కడెవరన్నా చచ్చిపోయారా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"నాకు తెలిసి ఎవురూ చావలా. ఆ గట్టు మీద నేనుండగా కోడిపిల్ల కూడా కాలవలో పళ్ళా." ఉన్నట్టుండి ఆయన గొంతు పెరిగింది. "ఆడ ఊటేస్తందని దిగిపోయే ముందు నేనే రాసిచ్చా. నా తర్వాత ఆ గట్టుకి మనిషిని వెయ్యలా. ఒక్క మనిషి! రేత్రి పూట తిరిగి చూసే మనిషి లేకపోతే గట్టు నిలబడతదా? చెప్పు!"

ఇద్దరం కోపంతో టీ తాగాం.

శనివారం కిరణ్‌కి పదిసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. ఎక్కడి నుంచి బయలుదేరతారో కూడా చెప్పలేదు, చెబితే అక్కడికే వచ్చి అడ్డం పడతానని తెలుసు. ఇక మిగిలింది ఒక్కటే దారి. మస్తాన్ బాబాయ్ దగ్గరికి పోయాను. మా బజారులో సైకిళ్ళు బాగుచేస్తాడు. అరవై ఏళ్ళ మనిషి. బండి రోడ్డు మీద పోతుంటే చప్పుడు విని దానికేం జబ్బో చెబుతాడు. నన్ను చూసి నవ్వనివాడు ఊరు మొత్తంలో ఆయనొక్కడే.

"పోదాం పదమ్మాయ్" అన్నాడు అంతే. కొడవలి తీసుకున్నాడు.

మూడింటికల్లా గండి దగ్గర ఉన్నాం. సర్కారు తుమ్మ కంప నరికి గట్టుకి అడ్డంగా ఛాతీ ఎత్తు వేశాం. చేతులు చీరుకుపోయాయి. కంప మీద బాబాయ్ తన ఎర్ర తువ్వాలు కట్టాడు. అమ్మయ్య అనుకున్నాం. పావుగంట కూడా గడవలేదు... కంప కింద నేల గుబుక్కుమని జారింది. కంప, తువ్వాలు, పది అడుగుల గట్టు, అంతా నీళ్ళలోకి పోయాయి. వారం రోజులుగా నీళ్ళు కింద కోస్తూనే ఉన్నాయి మరి. మేమిద్దరం వెనక్కి దూకాం.

మళ్ళీ కంప కొట్టే వ్యవధి లేదు. దూరంగా లైట్లు... ఒకటి, రెండు, పది... ముప్పై. మంచులో వరసగా.

టార్చి ఊపాను. అరిచాను. ఆటల టీచర్ని నేను, నా కేక మైదానం ఆ చివర ఉన్న పిల్లలకి వినపడుతుంది. "ఆగండి! గట్టు లేదు! ఆగండి!" గొంతు చించుకున్నాను. వాళ్ళకి వినపడింది. వినపడి ఏం చేశారనుకున్నారు? ఈలలు వేశారు! "మేడమ్ వచ్చేశారు! షో మొదలైంది!" అని ఎవడో అరిచాడు. జోరు పెంచారు. ముందున్నవాడు ఒంటి చేత్తో తొక్కుతూ ఇంకో చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. వంద అడుగులు... ఎనభై... పక్కకి దిగే చోటు లేదు, ముందువాడు ఆగినా వెనకవాళ్ళు తోసుకొస్తారు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. బాబాయ్ రెండు చేతులూ చాపి గట్టు మధ్యలో నిలబడ్డాడు.

అప్పుడు... మెల్లగా వినండి... అప్పుడు లైట్లు ఆరిపోవడం మొదలైంది.

వెనక నుంచి. ఆఖరి లైటు ముందు ఆరింది. తర్వాత దాని ముందుది. తర్వాత దాని ముందుది... ఎవరో నడుస్తూ ఒక్కొక్కటే ఊదుకుంటూ వస్తున్నట్టు. ఈలలు ఆగిపోయాయి. మాటలు ఆగిపోయాయి. చక్రాలు ఆగిన చప్పుడు, కాళ్ళు కింద పెట్టిన చప్పుడు. ఆఖరికి ముందున్నవాడి ఫోను వెలుతురు కూడా ఆరింది.

చీకటి. ముప్పై మంది ఊపిరి వినపడుతోంది.

నాకు బెల్లు వినపడలేదు. చెవులు రిక్కించాను. ప్రమాణపూర్తిగా చెబుతున్నాను, వినపడలేదు. నీళ్ళు, నా గుండె, అంతే. నా పక్కన బాబాయ్ చాపిన చేతులు దించి, ఒక అడుగు చేను వైపుకి జరిగాడు. కాలువ వైపు దారి వదిలాడు. నా రెక్క పట్టుకుని నన్ను కూడా లాగాడు.

ఎంతసేపో తెలియదు. తర్వాత టార్చి వేశాను. ముప్పై మందీ దిగి నిలబడి ఉన్నారు. అందరూ చేను వైపే. సైకిళ్ళన్నీ చేను వైపే. కాలువ వైపు ఒక మనిషి సైకిలు మీద పోయేంత దారి వదిలి ఉంది, ఈ చివర నుంచి ఆ చివరదాకా. లైటు ఆర్పాలని గానీ, చేను వైపు నిలబడాలని గానీ నేను ఎవరికీ చెప్పలేదు. వాళ్ళంతా గుంటూరు వాళ్ళు, లస్కరు అంటే ఏమిటో తెలియనివాళ్ళు.

కిరణ్ ముందుకి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మేడమ్, ముందు పోయినాయన ఏడి?"

"ఎవరు?"

"ఇప్పుడే పోయాడుగా మేడమ్. వెనక నుంచి బెల్లు కొట్టుకుంటూ... లైటు ఎందుకు ఆర్పానో నాకే తెలియడంలా. మీ వైపే వచ్చాడు."

నేను టార్చి తిప్పి గండి చూపించాను. అతను చూశాడు. నీళ్ళ సుడి చూశాడు. గట్టు మీదే కూలబడిపోయాడు. ఒక్కరూ నవ్వలేదు. ఇప్పుడు నవ్వండిరా అందామనుకున్నాను, అనకుండా టార్చి అలాగే గండి మీద పట్టుకున్నాను.

తెల్లారాక వాళ్ళని వెనక్కి పంపించి, మేమిద్దరం మళ్ళీ కంప కొట్టి, ఈసారి చాలా వెనక వేశాం. మా వీధి మొదట్లోకి వచ్చాక బాబాయ్ అన్నాడు.

"చైను వదులు ఉండాది అమ్మాయ్ ఆ బండికి. కవరుకి తగులుతా పోయింది. ఒక లింకు తీసేస్తే సరిపోద్ది."

చైను సంగతి నేను ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

అది ఏమిటో నాకు తెలియదు. మొదటి రాత్రి అది నన్ను ఆపడానికి మోగిందా, లేక గండి అవతల నుంచి రమ్మని మోగిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. దారి ఇచ్చాను కాబట్టి బతికానా, వెంట పోలేదు కాబట్టి బతికానా? బతికున్న కోటయ్య తాత బెల్లు గట్టు మీద ఎలా మోగుతుంది? ఇది తలచుకుంటే ఇప్పటికీ వీపు మీద చల్లగా పాకుతుంది. కానీ దానికన్నా ఎక్కువ మండేది ఇంకొకటి ఉంది. నేను మనిషిని. గొంతు చించుకుని అరిచాను. అర్జీ రాశాను. పదిసార్లు ఫోను చేశాను. ఒక్కరూ ఆగలేదు. వాళ్ళని ఆపడానికి మనిషి కానిది రావలసి వచ్చింది. ఒక లస్కరుని వేస్తే పోయేదానికి!

గండి ఇప్పటికీ అలాగే ఉంది. కంప ఎండిపోయింది. పొయ్యిలోకి ఎవరన్నా లాక్కుపోతే మళ్ళీ దారి తెరుచుకున్నట్టే.

ఇంతసేపు కదలకుండా విన్నారు. బెల్లు ఎలా మోగిందని ఇద్దరు అడిగారు. వాసన ఎలా ఉందని ఒకరు అడిగారు. చూశారా... ఏ కాలువ అని మాత్రం మీలో ఒక్కరూ అడగలేదు.